చుట్టరికం బోర్డు

కంబాలకొండ కింద, జూ వెనక గేటు దగ్గర
నిచ్చెన కాలికి ఇటుక ముక్క ఎత్తు పెట్టి
పదకొండేళ్ల కిందట నేనే రాసిన బోర్డుని
ఇవాళ నేనే గీకుతున్నాను.

మొసళ్ల వంశవృక్షం.
అప్పటి ఆఫీసరు చెప్పినట్టే గీశాను.
ఘరియల్‌కి మొదట్లోనే ఒంటరి కొమ్మ,
అందరికన్నా ముందు వేరుపడ్డ కాపురం.
అవతల, మంచినీటి మొసలి, ఉప్పునీటి మొసలి పంక్తిలో
మలయా దేశపు సన్నమూతిది ఒకటి.
దాని కింద ఎర్ర ఎనామిల్‌తో
"దొంగ ఘరియల్".
'దొ' వంపు బాగా కుదిరిందని
ఆ రోజు సైకిల్ దిగి మరీ వెనక్కి చూసుకున్నాను.

కొత్తగా వచ్చిన బెహరా శుభాంగి గారు
చేపల రసీదు వెనక పెన్సిల్‌తో గీసి చూపించారు.
ఎముకలు చూసినవాళ్లు అలా అన్నారట.
ఇద్దరిదీ చేపలు పట్టే పనే గనక
మూతులు ఒకేలా సాగాయి,
అంతకుమించి ఏమీ లేదన్నారట.
రక్తం చూసినవాళ్లు కాదన్నారు.
బతికున్న మొసళ్లన్నిట్లో
ఈ రెండే ఒక గూటివి.

అంటే ఇన్నేళ్లూ
నేను దొంగ అని రాసింది
దీనికి మిగిలిన ఒక్కగానొక్క తోబుట్టువుని.

నీళ్లలో అది కదల్లేదు.
మూతి కొసన కుండ బోర్లించినట్టు బుడిపె,
బుడిపె మీద తూనీగ.
నూటికి పైగా పళ్లు.

జిలేబీ చేపల బకెట్ దించి
గరికిన నూకరత్నం నడుం పట్టుకుంది.
"ఏటి బావూ, మల్లీ సెరిపేత్తన్నావా?
మా అయ్యా, పక్కింటి బుచ్చోడి అయ్యా
ఎనక నుంచి సూత్తే ఒక్కనాగే ఉంతారు.
వల నాగీ నాగీ ఆ బుజాలు.
సుట్టరికం ఏటీ నేదు."
"నువ్వన్న మాటే చాలాకాలం పుస్తకాల్లో ఉంది"
అన్నారు శుభాంగి గారు. నవ్వలేదు.

మరి చచ్చిపోయినవాళ్ల సంగతి?
చోటుంది కదా, రాసేద్దాం అన్నారు.
శివాలిక్ కొండల రాంఫోసూకస్.
ఒకప్పుడు యాభై అడుగులన్నారు,
కొలిచేవాళ్లు మారేకొద్దీ అది కుదించుకుపోతోంది.
దక్షిణ అమెరికా గ్రైపోసూకస్.
సముద్రం దాటిందో, దాటినవాళ్లకి పుట్టిందో.
ఏట్లో తప్ప బతకని దీని ముందువాళ్లకి
ఉప్పునీరు వాకిలిలాంటిదట.
చైనా నుంచి హాన్యూసూకస్,
అక్కకీ చెల్లెలికీ మధ్య నిలబడే ముఖం,
నిన్నమొన్నటిది, అంటే మనుషులు చూసినది.
దాని మెడ ఎముక మీద కత్తి గాట్లున్నాయి.
ఆ పేరు రాసేటప్పుడు
నిచ్చెన ఒకసారి సరిచేసుకున్నాను.

చిక్కంతా థొరాకోసారస్‌తో.
డైనోసార్ల నాటి సముద్రంలో ఈదిన సన్నమూతి.
ఎముక అంటుంది, అది దీని పెద్దతాత.
రక్తం లెక్క కడితే
తాత పోయేనాటికి
ఈ ఇల్లు ఇంకా వేరుపడనే లేదు.
గీత వెయ్యనా, మాననా?
బ్రష్ కొసన నల్లరంగు బొట్టు పెరుగుతోంది.

"చుక్కలు పెట్టండి" అన్నారావిడ.

రుషికొండ వైపు నుంచి ఉప్పుగాలి మొదలైంది.
ఏటా నా అక్షరాల్ని రేకు దాకా తినేది ఇదే.
దొంగని గీకేశాను గానీ
పక్కకి వంగి చూస్తే ఇంకా గులాబీరంగు నీడ.
దాని మీదే రాశాను, కొంచెం లావు అక్షరాల్లో,
"సుండా ఘరియల్".

సాయంత్రం గుమస్తా అక్షరాలు లెక్కపెట్టాడు,
అక్షరానికి ఇంతని కదా కూలి.
చుక్కల దగ్గర వేలు ఆపి నా వైపు చూశాడు.
పదిహేడు పెట్టాను.
వాటికి రేటు లేదన్నాడు.
లేదులెండి, అన్నాను.

వెనక నీళ్లలో ఏదో మునిగిన చప్పుడు.
తిరిగి చూసేసరికి
తూనీగ ఒక్కటే గాల్లో ఉంది,
దిగడానికి చోటు వెతుక్కుంటూ.